పంచగని బడిలో పియానో: ‘క్వీన్’ పాటల జట్టు పుట్టుక

ఉగాది సంచికలో మన పురాణ కథో, మన పెద్దల చరిత్రో వుండవలసిన చోట ఇంగ్లండు దేశపు పాటల జట్టు సంగతి ఎందుకని పెద్దలు కొందరు అడగవచ్చును. ఆ ప్రశ్నలో న్యాయమున్నది. కాని ఆ జట్టులోని ముఖ్య గాయకుడు చిన్ననాడు చదువుకొన్నది మనం బ్రతుకుదెరువుకు వచ్చిన ఈ మహారాష్ట్రలోనే. స్నేహితులతో తొలి జట్టు కట్టినది సతారా జిల్లా పంచగనిలోనే. అంతేగాక అతడు కూడ మన పిల్లలవలె వలస వచ్చిన ఇంటి బిడ్డ. ఊరు విడిచినవారి పిల్లలు ఎవరి పాట పాడవలె? తాతల పాటా, పొరుగువారి పాటా? పద్మానగర్ గల్లీలలో ఈ ప్రశ్న మనకు రోజూ ఎదురయ్యేదే. అందుచేత ఈ చరిత్ర మన కుటుంబాలకు పనికివచ్చునని తలచి వ్రాస్తున్నాను.

ఆ జట్టు పేరు ‘క్వీన్’, అనగా రాణి. రాక్ అనే ఆధునిక సంగీతంలో ప్రపంచమంతట పేరు పొందినది. 1970లో లండనులో వెలిసినది. గాయకుని పేరు ఫ్రెడీ మెర్క్యురీ. అది అతడు తరువాత పెట్టుకొన్న పేరు. కన్నవారు పెట్టినది ఫరోఖ్ బుల్సారా. వారు పార్సీలు. మన ఇంటిపేర్లలో ఊళ్ళ పేర్లు నిలిచివున్నట్లే వారి ఇంటిపేరులో బుల్సారు ఊరు నిలిచివున్నది. బొంబాయి నుండి గుజరాతుకు పోయే రైలుమార్గంలో నేడు వల్సాడు అని పిలుస్తున్న స్టేషను అదే. తండ్రి బోమీ బుల్సారా సముద్రం దాటి, ఆఫ్రికా తీరాన వున్న జాంజిబారు దీవిలో, బ్రిటిషు ప్రభుత్వపు హైకోర్టులో క్యాషియరుగా పని చేసినాడు. నావంటి గుమాస్తా ఉద్యోగమే అనుకోండి. 1946 సెప్టెంబరు 5వ తేదీన ఫరోఖ్ అక్కడ పుట్టినాడు.

మనం పూనా మీదుగా పోయి, వాయి పట్టణం దాటి, పసర్ణీ ఘాటు ఎక్కితే పంచగని వస్తుంది. సముద్రమట్టానికి 4 వేల అడుగులకు పైన వున్న చల్లని ప్రదేశం. బ్రిటిషువారి కాలం నుండి అక్కడ హాస్టలు బడులు వున్నవి. ఫరోఖ్‌కు ఎనిమిదేళ్ళప్పుడు, 1955లో, తల్లిదండ్రులు అతనిని ఆ ఊరిలోని సెయింట్ పీటర్స్ బడిలో చేర్చినారు. కన్నవారు సముద్రానికి ఆవల, పిల్లవాడు ఈవల. సెలవులకు బొంబాయిలోని బంధువుల ఇంటికి పోయేవాడు. పిల్లలను ఊరిలో అవ్వ దగ్గర విడిచి ఇక్కడ సాంచాలు నడిపే తల్లిదండ్రులకు ఆ ఎడబాటు ఎట్టిదో నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ బడిలో ఒక మంచి పని జరిగినది. పిల్లవానికి సంగీతం పట్టుబడుతున్నదని గమనించిన హెడ్మాస్టరు తల్లిదండ్రులకు ఉత్తరం వ్రాసినాడు. కొద్దిపాటి అదనపు ఫీజు కడితే పియానో నేర్పించవచ్చునని అందులోని సంగతి. క్యాషియరు తండ్రి ఒప్పుకొన్నాడు, ఫీజు కట్టినాడు. పిల్లవాడు పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో పియానో నేర్చి, నాలుగవ గ్రేడు పరీక్ష దాకా పోయినాడు. బడి గాయక బృందంలో పది గొంతులతో కలిసి పాడుట నేర్చినాడు. వేరువేరు గొంతులు వేరువేరు స్వరాలు పట్టి ఒకేసారి పాడే ఆ పద్ధతి మన కచేరీలలో లేదు. తరువాతి కాలంలో క్వీన్ పాటలకు ప్రాణం పోసినది ఆ పద్ధతియే.

1958లో అతడు, మరి నలుగురు స్నేహితులు కలిసి ‘హెక్టిక్స్’ అనే జట్టు కట్టినారు. బడి వేడుకలలో వాయించేవారు. ఆ నలుగురిలో ఒకరు తరువాత నేపాలు సైన్యంలో జనరల్ అయినారు. వారు పాడినవి సొంత పాటలు కావు. లిటిల్ రిచర్డ్, క్లిఫ్ రిచర్డ్ వంటివారి పాటలు. వీరిద్దరి సంగతి కొంచెం తెలుసుకొంటే రాక్ సంగీతపు వంశవృక్షం మనకు అర్థమవుతుంది.

లిటిల్ రిచర్డ్ అమెరికాలోని జార్జియా రాష్ట్రపు నల్లజాతివాడు. చర్చిలో పాడుతూ పెరిగినాడు. ఆ జాతివారి పూర్వులను ఆఫ్రికా నుండి బానిసలుగా పట్టుకొనిపోయినారు. పత్తిచేలలో పని చేస్తూ పాడుకొన్న పాటలు, చర్చిలో చప్పట్లు కొట్టి పాడిన కీర్తనలు కలిసి బ్లూస్, గాస్పెల్ అనే సంగీతాలైనవి. వాటి నుండి 1950 తరువాత రాక్ అండ్ రోల్ పుట్టినది. ఇక క్లిఫ్ రిచర్డ్ 1940లో మన లక్నోలో పుట్టిన ఇంగ్లీషువాడు. తండ్రి రైల్వే భోజన వసతుల ఉద్యోగి. స్వరాజ్యం వచ్చిన మరుసటి సంవత్సరం ఆ కుటుంబం ఇంగ్లండుకు వెళ్ళిపోయినది. అంటే పంచగని కొండ మీద పార్సీ పిల్లవాడు పాడినది అమెరికా కూలీల పాట, దానిని లక్నోలో పుట్టినవాడు ఇంగ్లండులో పాడిన పాట. మొదటినుండీ ఇది స్థలం మారినవారి సంగీతమే.

అదే కాలంలో ఇంగ్లండులో ఏమి జరుగుతున్నదో చూద్దాం. 1956 మొదట్లో లానీ డోనిగన్ పాడిన ‘రాక్ ఐలాండ్ లైన్’ అనే పాట దేశమంతా మార్మోగినది. అది రైలు పాట గనుక నాకు ప్రత్యేకంగా ఇష్టం. ఒక డ్రైవరు సుంకపు గేటు దగ్గర, బండిలో వున్నవి పశువులని చెప్పి సుంకం తప్పించుకొంటాడు. గేటు దాటిన తరువాత, వున్నది ఇనుమని అరిచి చెబుతాడు. గూడ్సు ఆఫీసులో పని చేసినవారికి ఈ కథ కొత్త కాదు! ఈ పాటను 1934లో అమెరికాలోని ఆర్కన్సా జైలులో నల్లజాతి ఖైదీలు పాడుతుండగా సేకరించినారు. డోనిగన్ పాడిన తీరుకు స్కిఫుల్ అని పేరు. గిటారు ఒక్కటి వుంటే చాలు. బట్టలుతికే రేకు పలకను తాళానికి, టీ పెట్టెకు కర్ర, తాడు కట్టి మంద్రస్వరానికి వాడేవారు. డబ్బు లేని పిల్లలు వేలాదిగా జట్లు కట్టినారు. జగత్ప్రసిద్ధి పొందిన బీటిల్స్ కూడ అట్లా మొదలైనవారే.

ఆ పాటలు విని పెరిగిన పిల్లలలో బ్రయన్ మే ఒకడు. 1947లో లండను దగ్గర హాంప్టనులో పుట్టినాడు. మంచి గిటారు కొనే స్తోమత ఇంట్లో లేదు. తండ్రి ఎలక్ట్రానిక్సు తెలిసిన మనిషి. 1963లో తండ్రీకొడుకులు కలిసి గిటారు చేయుటకు పూనుకొన్నారు. పాత నిప్పుగూటి చట్రపు కొయ్యతో మెడ చేసినారు. పాత మోటారు సైకిలు స్ప్రింగులు బిగించినారు. తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలను అరగదీసి గుర్తులు పొదిగినారు. ఉన్ని అల్లే సూది కొనను కూడ వదలలేదు. దాదాపు రెండేళ్ళు పట్టినది. ఆ గిటారునే అతడు జీవితమంతా వాయించినాడు. విరిగిన సాంచాకు మరొక సాంచా ముక్క అతికి నడిపించే మన జాబర్లు ఈ సంగతి వింటే తల ఊపుతారు.

1964 జనవరిలో జాంజిబారులో విప్లవం వచ్చినది. చదువు ముగించి ఇంటికి చేరివున్న ఫరోఖ్, తల్లిదండ్రులు, చెల్లెలు ప్రాణభయంతో ఇంగ్లండుకు వలసపోయినారు. లండను విమానాశ్రయానికి దగ్గరలోని ఫెల్తాములో కాపురం పెట్టినారు. ఒక తరంలోనే రెండవసారి సముద్రం దాటిన కుటుంబమది. ఫరోఖ్ ఈలింగు కళాశాలలో చిత్రకళ చదివినాడు. అప్పుడు లండనులో జిమీ హెండ్రిక్స్ అనే అమెరికా నల్లజాతి గిటారు విద్వాంసుని కచేరీలు జరుగుతున్నవి. ఫరోఖ్ వాటికి పదేపదే పోయి, ఇంటికి వచ్చి అతని బొమ్మలు గీసేవాడు. వేదిక మీద మనిషి ఎట్లా నిలబడవలెనో, చూపరులను ఎట్లా పట్టివుంచవలెనో అక్కడ నేర్చినాడు.

బ్రయన్ మే అప్పటికి ఇంపీరియల్ కళాశాలలో భౌతికశాస్త్రం చదువుతూ ‘స్మైల్’ అనే జట్టు నడుపుతున్నాడు. డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్ దంతవైద్యం చదువుటకు లండను వచ్చినవాడు. ఆ జట్టు గాయకుడు టిమ్ స్టాఫెల్ ఈలింగులో ఫరోఖ్‌కు సహాధ్యాయి. 1970లో స్టాఫెల్ తప్పుకోగా ఆ స్థానంలో ఫరోఖ్ చేరినాడు. జట్టుకు క్వీన్ అని పేరు పెట్టినది అతడే. తన ఇంటిపేరు మెర్క్యురీ అని మార్చుకొన్నది అప్పుడే. రోజర్, అతడు కలిసి కెన్సింగ్టన్ బజారులో పాత బట్టల దుకాణం నడిపి పొట్టపోసుకొన్నారు. బేస్ గిటారుకు ముగ్గురు వచ్చి పోయిన తరువాత, 1971లో ఎలక్ట్రానిక్సు విద్యార్థి జాన్ డీకన్ చేరినాడు. అతడు రోడ్డు పక్క చెత్తలో దొరికిన సర్క్యూటుతో చిన్న యాంప్లిఫయరు చేసినాడు. బ్రయన్ మే దానితో ఎన్నో వాద్యాల ధ్వనులు పలికించినాడు.

మొదటి రికార్డు 1972లో, లండనులోని ట్రైడెంట్ స్టూడియోలో, ఇతర గాయకులు వాడని ఖాళీ వేళలలో తయారైనది. మన భాషలో చెప్పవలెనంటే రాత్రిపాళీ పని! అది 1973 జూలైలో వెలువడినప్పుడు పెద్దగా ఆదరణ రాలేదు. 1974లో వారి ‘కిల్లర్ క్వీన్’ పాట ఇంగ్లండు పట్టికలో రెండవ స్థానం చేరినది.

1975 అక్టోబరు 31న ‘బొహీమియన్ రాప్సడీ’ వచ్చినది. నిడివి 5 నిమిషాల 55 సెకండ్లు. మూడు నిమిషాల పాటలకు అలవాటుపడిన రేడియోలో ఇంత పొడుగు పాట ఎవరు వేస్తారని అన్నారు. అది తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచినది. దానిలో ఒక భాగం ఇటలీవారి ఆపెరా, అనగా పాటల నాటకపు పద్ధతి. ఆ ఒక్క భాగానికి సుమారు మూడు వారాలు పట్టినది. పాడినది ముగ్గురే. ఒక గొంతు మీద మరొక గొంతు, టేపు మీద మరల టేపు, పడుగు మీద పేక వేసినట్లు వేసి పెద్ద బృందగానం నేసినారు. పంచగని బడిలో నేర్చిన పియానో, బృందగానం, అమెరికా కూలీల రాక్, ఇంగ్లండు వినోదశాలల పాట అన్నీ ఆ నేతలో వున్నవి. మన భివండీలో ఏ వీధిలోనైనా చెవినిబడే ‘బిస్మిల్లా’ అనే మాట కూడ అందులో వినవస్తుంది.

ఇది కలగాపులగం గదా, స్వచ్ఛమైన సంగీతం కాదు గదా అని కొందరు అనవచ్చును. అట్లయితే మన మార్కండేయ భజనలోని హార్మోనియం మాట ఏమిటి? అది 1840 ప్రాంతంలో ఫ్రాన్సులో పుట్టిన వాద్యం. మన తెలుగు నాటకం 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక కంపెనీని చూచి రెక్కలు తెచ్చుకొన్నది. ఎరువు తెచ్చుకొనుట తప్పు కాదు. తెచ్చిన నూలుతో మన బట్ట నేసినామా లేదా అనునదే విచారించవలసినది.

అయితే ఈ చరిత్రలో ఒక లోటు కూడ వున్నది. ఫ్రెడీ మెర్క్యురీ తన జాంజిబారు, పంచగని దినాలను గురించి బహు తక్కువగా మాట్లాడినాడు. వల్సాడును నిలుపుకొన్న ఇంటిపేరు రికార్డుల మీద లేకపోయినది. ఆ కాలపు ఇంగ్లండులో తూర్పుదేశపు పేరుతో రాక్ వేదిక ఎక్కుట కష్టమని అతడు తలచి వుండవచ్చును. ఇంటివారు మాత్రం అతనిని విడువలేదు. 1991 నవంబరు 24న అతడు 45వ ఏట మరణించినప్పుడు అంత్యక్రియలు పార్సీ పురోహితులే జరిపినారు. 2016లో ఫెల్తాములోని వారి ఇంటికి స్మారక ఫలకం పెట్టినారు. ఆ గోడ మీద ఇంగ్లండు తానుగా చేర్చినది ఒక వలస క్యాషియరు కొడుకు పేరు.

మన పిల్లలు ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో మరాఠీ వింటున్నారు. గణపతి మేళమూ, పొరుగింటి కవ్వాలీ, సెల్‌ఫోనులో ఇంగ్లీషు పాటా వారి చెవిన పడుతున్నవి. వాటికి చెవులు మూయించలేము, మూయించనక్కరలేదు. మనం చేయదగినవి రెండు వున్నవి. బడి నుండి అటువంటి ఉత్తరం వస్తే, చేతనైనంతలో ఆ ఫీజు కట్టుట ఒకటి. తాత ఏ ఊరిలో ఏ మగ్గం నేసినాడో, ఏ సంవత్సరం ఏ రైలెక్కి ఇక్కడికి వచ్చినాడో, తన ఇంటిపేరుకు అర్థమేమో పిల్లవానికి చెప్పుట రెండవది. పేరు దాచుకోనక్కరలేకుండ పాడే గొంతు మన పద్మానగరంలోనూ పుట్టవచ్చును. కొత్త సంవత్సరంలో అది వినే భాగ్యం మనకు కలుగుగాక.