హథేలీ నుంచి రాకెట్ దాకా

టెన్నిస్ రాకెట్‌ ఎలా పట్టుకోవాలని మా ఇంటి పిల్లలు అడిగితే నేనిచ్చే జవాబ్ ఒకటే: దానితో ముసాఫహా చేయండి. ఎదుటి మనిషి చేయి అందుకున్నట్టు హ్యాండిల్‌ను అందుకుంటే వచ్చే పట్టునే ఈస్టర్న్ ఫోర్‌హ్యాండ్ గ్రిప్ అంటారు. కొత్తవాళ్లకు ఆసాన్ అయిన బునియాద్ అది.

ఈ పట్టు వెనక ఒక తారీఖ్ ఉంది. రాకెట్లు రాకముందు ఫ్రాన్స్‌లో ఈ ఖేల్‌ను ఉత్త చేత్తోనే ఆడేవారు. దాని పేరుకు అర్థమే అరచేతి ఆట. అరబీలో అరచేతిని 'రాహా' అంటారు. రాకెట్ అనే లఫ్జ్ అందులోంచే పుట్టిందని చాలామంది భాషా పండితుల ఖయాల్. అంటే రాకెట్ మన హథేలీకి కొనసాగింపే. అరచేయి ఎటు చూస్తే బంతి అటే పోతుంది. ఇది మొదటి సబక్.

రెండో సబక్ వింబుల్డన్‌ది. 1877లో అక్కడ జరిగిన మొదటి పోటీకి 22 మంది పేర్లు ఇచ్చారు. మిగతావాళ్లు వెనక లైన్ దగ్గరే ఉండి, బంతి నేల తాకి లేచాక కొడుతుంటే, స్పెన్సర్ గోర్ నెట్ దగ్గరికొచ్చి గాల్లోనే కొట్టాడు. అదే వాలీ. గెలుపు అతనిదే అయింది. మరుసటి ఏడు సిలోన్ కాఫీ తోటల నుంచి సెలవు మీద వచ్చిన ఫ్రాంక్ హాడో, నెట్ దగ్గరున్న గోర్ తల మీదుగా బంతిని ఎత్తి వేశాడు. అదే లాబ్. గోర్ ఓడిపోయాడు. ఆట మెరుగవ్వాలంటే తాఖత్ ఒక్కటే చాలదు, ఎదుటివాడు ఎక్కడ నిలబడ్డాడో చూసే నజర్ కావాలి.

మనవాళ్ల సంగతికొస్తే, మామిడిపళ్లకు మష్హూర్ అయిన మలీహాబాద్‌లో పుట్టిన గౌస్ మొహమ్మద్ 1939లో వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్ చేరారు. అంతదాకా వెళ్లిన మొదటి హిందుస్తానీ ఆయనే. ఆ ఏడాది విజేత బాబీ రిగ్స్ చేతిలో ఓడారు.

ఆడపిల్లకు ఈ ఆటలెందుకన్న మాట మన ఖాందాన్‌లలో నేను ఇప్పటికీ వింటున్నాను. హైదరాబాద్‌లో ఆరేళ్లకే రాకెట్ పట్టిన సానియా మీర్జా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు చేరారు. ఫోర్‌హ్యాండ్ ఆమె బలం, సర్వ్ ఆమె కమ్జోరీ. మణికట్టుకు ఆపరేషన్ కూడా అయింది. 2013లో సింగిల్స్ మానేసి, బలం ఎక్కువ పనికొచ్చే డబుల్స్‌కే ఆటను మలచుకున్నారు. 2015లో డబుల్స్‌లో దునియాలోనే నంబర్ వన్ అయ్యారు. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచారు. తన బలమేదో, కమ్జోరీ ఏదో తెలుసుకోవడమే మూడో సబక్.

మొదలుపెట్టడానికి ఫీజు కట్టే కోర్టే అక్కర్లేదు. పాత రాకెట్, ఒక బంతి, ఒక గోడ చాలు. రోజూ అరగంట గోడకు కొట్టించండి, బేటాతోనూ, బేటీతోనూ. గోడ ఇద్దరికీ బంతిని ఒకేలా తిరిగిస్తుంది.