గొడ్డలి తర్వాతి చరిత్ర

పోడు గురించిన పాత కాగితాలు ఏవి తిరగేసినా మొదట కనిపించేది గొడ్డలి. అడవి నరికేవాడు, కాల్చేవాడు, తిరగబడేవాడు. అందరూ మగవాళ్ళే. 1882 మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు చేసిన కొండల్లో పోడు నేరమైంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గూడెం, చింతపల్లి ప్రాంతం తిరగబడడానికి రోడ్ల పనుల్లో వెట్టితో పాటు ఈ ఆంక్షలూ కారణమే. ఇదంతా మనం చదువుకున్న చరిత్రే. గొడ్డలి పని ముగిశాక ఏం జరిగేదో మాత్రం అందులో లేదు.

సాహిత్య పరిశోధన నాకు నేర్పింది రాయకుండా వదిలేసిన చోట ఆగి చూడడం. అరకు, పాడేరు కొండల్లో వేసవిలో నరికి కాల్చిన వాలు మీద తొలకరికి విత్తేది, కలుపు తీసేది, కోసేది ఎక్కువగా స్త్రీలు. నడుము విరిగే చాకిరీ అది, దాన్ని అందంగా చెప్పాలని నాకు లేదు. అయితే చోడి, సామ, కొర్ర, కంది కలిపి చల్లడంలో ఒక లెక్క ఉంది. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుంది. కోతలు వేర్వేరు నెలల్లో వస్తాయి గనక ఇంట్లో ఏదో ఒక గింజ ఉంటుంది. తిండికేది, విత్తనానికేది అని వేరుచేసి దాచిన ఆ తెలివిని ఎవరూ శాస్త్రమనలేదు. కొన్నేళ్ళు సాగుచేసి, నేలను అడవికి వదిలేయడమూ అందులో భాగమే. రిజర్వు హద్దులు బిగిసి, జనం పెరిగి, ఆ విరామం తగ్గిపోతే నేల చిక్కిపోయింది. నింద మాత్రం పోడు మీద పడింది.

1960ల నుంచి అటవీశాఖ, తర్వాత ఐటీడీఏ, పోడు మాన్పించడానికి కాఫీ నాటించాయి. సిల్వర్‌ఓక్ నీడన అరబికా, ఆ చెట్లకే మిరియాల తీగ. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేతికి డబ్బూ వచ్చింది, కాదనను. కానీ కాఫీ గింజ వండుకు తినేది కాదు. పండు ఏరే చేతుల్లో స్త్రీలవి ఎన్నో, అమ్మిన సొమ్ము ఖర్చులో వాళ్ళ మాట ఎంతో కూడా అడగాలి.

2006 అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి హక్కు ఇస్తూ, పెళ్ళయినవాళ్ళకు భార్యాభర్తలిద్దరి పేరా పట్టా ఉండాలంది. ఇది చిన్న గెలుపు కాదు. అయినా పట్టా నేలను కొలుస్తుంది. ఆ నేలలో ఏం విత్తాలో ఎవరు నిర్ణయిస్తారన్నది పట్టాలో ఉండదు. పోడు చరిత్రను మళ్ళీ రాయాలనుకునే మనం అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.