నిలబడి చూసిన ఆట: లివర్‌పూల్ ‘కాప్’ అభిమానుల జ్ఞాపకాలు, వాటి సాక్ష్యం

లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్. అక్కడ ఒక గోల్ పోస్టు వెనక లేచిన మెట్ల గ్యాలరీని కాప్ అంటారు. దాన్ని 1906లో కట్టారు. దక్షిణాఫ్రికాలో బోయర్లతో జరిగిన యుద్ధంలో, 1900 జనవరిలో, స్పియన్ కాప్ అనే గుట్ట మీద బ్రిటిష్ సైనికులు వందల సంఖ్యలో చనిపోయారు. వారిలో లివర్‌పూల్ ఉన్న లాంకషైర్ ప్రాంతం వాళ్లు చాలామంది. గుట్టలా నిలిచిన కొత్త గ్యాలరీకి ఆ పేరు పెట్టమన్నది స్థానిక పత్రికలో క్రీడా పుటలు చూసే ఎర్నెస్ట్ ఎడ్వర్డ్స్. ఆ యుద్ధంలో, ఆ గుట్ట దగ్గరే, క్షతగాత్రులను మోసిన భారతీయ అంబులెన్స్ దళంలో గాంధీ ఉన్నారన్న సంగతి మన పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. 1928లో గ్యాలరీని పెంచి పైకప్పు వేశాక దాదాపు 28 వేల మంది అందులో పట్టేవారు. కుర్చీలు లేవు, అందరూ నిలబడే ఆట చూసేవారు. 1994 ఏప్రిల్ 30న నార్విచ్ సిటీ చేతిలో 0-1తో ఓడిన మ్యాచ్‌తో ఆ పద్ధతికి తెరపడింది.

బిల్ షాంక్లీ మేనేజరుగా వచ్చిన 1959 డిసెంబరు నుంచి డెబ్బైల చివరిదాకా ఆ మెట్ల మీద యవ్వనం గడిపినవారు ఇప్పుడు వృద్ధులు. వారి జ్ఞాపకాలు ఆత్మకథల్లో, ఇంటర్వ్యూల్లో, డాక్యుమెంటరీల్లో విస్తారంగా దొరుకుతాయి. ‘పాత రోజులే బాగుండేవి’ అనే ముసలివాళ్ల మాటగా వాటిని తోసిపుచ్చడం తేలిక. చరిత్రకారుడు ఆ పని చేయకూడదు. తేదీల విషయంలో, స్కోర్ల విషయంలో ఈ జ్ఞాపకాలు తడబడతాయి. గుంపు మధ్యలో నిలబడ్డ అనుభవం గురించి మాత్రం కాగితపు రికార్డులో లేనిది చెబుతాయి.

వీటిలో మొదట కనిపించే విశేషం, ఆటకు దక్కే చోటు తక్కువ కావడం. ఎక్కువ భాగం శనివారమంతా పరుచుకుని ఉంటుంది. ఆట మధ్యాహ్నం మూడింటికి. పెద్ద మ్యాచ్ అయితే పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడాలి, ఎందుకంటే ముందుగా టిక్కెట్టు కొనే అవసరం చాలా మ్యాచ్‌లకు ఉండేది కాదు. తిరుగుడు గేటు దగ్గర చిల్లర చేతిలో పెడితే లోపలికి పంపేవారు. లోపల ఎవరి చోటు వారిది. ఫలానా అడ్డుకడ్డీ పక్కన, ఫలానా స్తంభానికి ఎడమవైపు, ప్రతి వారం అవే ముఖాలు. పేర్లు తెలియకపోయినా ఒక వారం మనిషి రాకపోతే వాకబు చేసుకునేంత పరిచయం. పిల్లలకు కాప్ మూలన కంచె వేసిన ప్రత్యేకమైన దొడ్డి ఉండేది. అక్కడి నుంచి కంచె దూకి, కాపలావాళ్ల కన్నుగప్పి పెద్దవాళ్ల గుంపులో కలిసిపోవడం ఆ తరం మగపిల్లల కథల్లో ఒక మెట్టు, పెద్దరికం వచ్చిందనడానికి గుర్తు.

విరామ సమయంలో తక్కిన ఊళ్ల స్కోర్లు తెలుసుకునే తీరును ఆ కాలపు ఇంగ్లిష్ ప్రేక్షకులు ఎంతో ఇష్టంగా గుర్తు చేసుకుంటారు. మైదానం అంచున పెద్ద బోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాలు వరసగా ఉండేవి. ఏ అక్షరం ఏ మ్యాచ్‌కు చెందిందో ఆ రోజు అమ్మే చిన్న పుస్తకంలో మాత్రమే అచ్చయ్యేది. ఒక మనిషి నడుచుకుంటూ వచ్చి ఒక్కో అక్షరం కింద అంకెల పలకలు తగిలించేవాడు. పుస్తకం కొననివాడు పక్కవాడి భుజం మీదుగా తొంగి చూడాలి, లేదా అడగాలి. అపరిచితుల మధ్య మాట కలిపిన సాధనాల్లో అదొకటి. సాయంత్రానికి గులాబీ రంగు కాగితం మీద ఫుట్‌బాల్ ఎకో పత్రిక వచ్చేది. అప్పుడే చూసొచ్చిన ఆటనే అందులో మళ్లీ చదివేవారు.

పాటలది వేరే కథ. అరవైల మొదట్లో ఆట మొదలవడానికి ముందు లౌడ్‌స్పీకర్లలో ఆ వారం జనాదరణ పొందిన పాటలు వేసేవారు. కాప్ వాటిని అందుకునేది. బీటిల్స్ ఆ ఊరివాళ్లే. 1963లో గెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ బృందం, 1945 నాటి ‘కరౌసెల్’ సంగీత నాటకంలోని ‘యూ విల్ నెవర్ వాక్ అలోన్’ను కొత్తగా పాడి విడుదల చేసింది. పాట అమ్మకాల జాబితాలో అగ్రస్థానం నుంచి దిగిపోయాక కూడా జనం దాన్ని వదల్లేదు. 1964 ఏప్రిల్‌లో ఆర్సెనల్‌ను 5-0తో ఓడించి లీగ్ గెలిచిన రోజున బీబీసీ ‘పనోరమా’ కార్యక్రమం కాప్‌ను చిత్రీకరించింది. నలుపు తెలుపు బొమ్మలో ఊగుతూ పాడే ఆ వేలమంది ముఖాలు ఇప్పటికీ తెర మీద తిరుగుతూనే ఉన్నాయి. పరిశోధకుడికి చిక్కు వచ్చేది ఇక్కడే. ఆ రోజు అక్కడున్న మనిషి ఇవాళ చెప్పేదాంట్లో తన కళ్లతో చూసింది ఎంత, తర్వాత తెర మీద పదేపదే చూసింది ఎంత అన్నది అతను కూడా విడదీయలేడు. పైగా గుంపులో నిలబడ్డవాడికి గుంపు కనబడదు. ముందున్నవాడి మెడ కనబడుతుంది. గ్యాలరీ మొత్తం అలలా ఊగడాన్ని ఎదుటి నుంచి చూసినట్టు వర్ణించే మాటల వెనక కెమెరా కన్ను ఉందని అనుమానించాలి.

జ్ఞాపకాన్ని అధ్యయనం చేసినవారి పరిశీలనలు ఇక్కడ అక్కరకు వస్తాయి. నడివయసు దాటినవారు జీవితాన్ని తలచుకున్నప్పుడు పదేళ్ల నుంచి ముప్పయ్యేళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా గుర్తుకొస్తాయని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. అన్ని కాలాల్లోకీ గొప్ప ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఎవరని అడిగితే, తాము కుర్రతనంలో ఉండగా ఆడినవారినే జనం ఎక్కువగా ఎంచుకుంటున్నారని 2012లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఫ్రెంచ్ సామాజికవేత్త మోరిస్ హాల్బ్‌వాక్స్ 1925లోనే మరో కోణం చూపాడు: మనిషి తన సమూహం ఇచ్చిన చట్రంలోనే గుర్తుంచుకుంటాడు. ఇటలీలో లుయీజీ త్రస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949లో పోలీసుల కాల్పుల్లో చనిపోతే, తోటి కార్మికులు ఆ మరణాన్ని 1953 నాటి ఉద్యోగాల తొలగింపు గొడవలకు జరిపి చెప్పారు. మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి ఆ తప్పును దిద్ది వదిలేయలేదు. ఆ మరణానికి వాళ్లిచ్చుకున్న అర్థం ఆ తప్పులోనే ఉందని చూపాడు.

లివర్‌పూల్ అభిమానుల కథలనూ అలాగే చదవాలి. 1965 మే 4న, క్లబ్ మొట్టమొదటి ఎఫ్ఏ కప్ గెలిచిన మూడు రోజులకు, ఇంటర్ మిలన్ ఆన్‌ఫీల్డ్‌కు వచ్చింది. గేట్లు గంటల ముందే మూసేశారు. గాయాలతో ఆడలేని గెర్రీ బర్న్, గోర్డన్ మిల్న్ కప్పును మైదానం చుట్టూ తిప్పారు. లివర్‌పూల్ 3-1తో గెలిచింది. మిలన్‌లో 0-3తో ఓడి యూరోపియన్ కప్ నుంచి నిష్క్రమించడం కూడా అంతే నిజం, కానీ తలపోతల్లో వెలిగేది మొదటి రాత్రే. 1977 మార్చి 16న సెయింట్ ఎటియెన్‌పై డేవిడ్ ఫెయిర్‌క్లఫ్ 84వ నిమిషంలో కొట్టిన గోల్ అలాంటిదే. ఆ రాత్రి మైదానంలో ఉన్నది 55,043 మంది. రాలేకపోయినవారికి కూడా అన్న చెప్పిందో నాన్న చెప్పిందో తమ సొంత అనుభవమంత దగ్గరైంది.

ఇంత ప్రేమగా చెప్పే కథల్లో చోటు దొరకనివీ ఉన్నాయి. గుంపులో కదలడానికి వీల్లేక జనం నిలుచున్నచోటే మూత్రం పోసేవారన్నది నవ్వుతూ చెబుతారు; ఆ నేల మీద స్త్రీలు నిలబడటం ఎంత కష్టమో చెప్పరు. నల్లజాతి వారి మాట ఇంకా అరుదు. ఊళ్లోని టాక్స్‌టెత్ పేటలో పుట్టిన హోవర్డ్ గేల్ 1980లో బరిలోకి దిగేదాకా లివర్‌పూల్ మొదటి జట్టులో నల్లజాతి ఆటగాడే లేడు. తరతరాలుగా నల్లజాతి కుటుంబాలు కాపురముంటున్న ఊరు అది. ‘అందరం ఒక్కటిగా ఉండేవాళ్లం’ అన్న వాక్యాన్ని ఈ సంగతి పక్కన పెట్టుకునే చదవాలి.

అన్నిటికంటే బరువైన ప్రశ్న తోపులాట గురించి. గోల్ పడగానే వెనకవాళ్ల తోపుకు కాళ్లు నేల వదిలి, నాలుగైదు మెట్లు కిందికి కొట్టుకుపోయి, మళ్లీ అదే తోపుతో మొదటి చోటికి చేరడం దాదాపు ప్రతి కాప్ కథలోనూ ఉంటుంది. ఊపిరాడని పిల్లలను తలల మీదుగా చేతులు మార్చుకుంటూ ముందుకు దింపేవారు. దీన్ని చెప్పేటప్పుడు ముసలివాళ్ల ముఖాలు వెలుగుతాయి. అదే తోపులాట మనుషులను చంపుతుందని తెలియని కాలం కాదు. 1946లో బోల్టన్‌లోని బర్న్‌డెన్ పార్క్‌లో 33 మంది, 1971లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో 66 మంది తొక్కిసలాటల్లో చనిపోయారు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్ మొదలైన కొద్ది నిమిషాల్లో, ఇనుప కంచె వెనక నలిగి లివర్‌పూల్ అభిమానులు 97 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారిలో ఒకరు ఆనాటి గాయాలతో 2021 దాకా బతికారు.

అభిమానుల జ్ఞాపకానికి అసలు పరీక్ష ఆ తర్వాత ఎదురైంది. తప్పంతా తాగి వచ్చిన జనానిదేనని పోలీసుల వైపు నుంచి వచ్చిన కథనాన్ని ఒక జాతీయ పత్రిక మొదటి పేజీలో ప్రచురించింది. అక్కడి నుంచి బతికి బయటపడ్డవారు మొదటి నుంచీ వేరే మాట చెప్పారు: గేటు తెరిపించింది పోలీసులే, అప్పటికే నిండిన కంచె దొడ్ల వైపు పోకుండా ఆపినవారు లేరు. అదే ఏడాది ఆగస్టులో, విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ తన మధ్యంతర నివేదికలో ప్రధాన కారణం పోలీసు నియంత్రణ వైఫల్యమేనన్నారు. 2012 సెప్టెంబరులో స్వతంత్ర బృందం పత్రాలన్నీ చూసి, పోలీసు వాంగ్మూలాల్లో 164ను మార్చారని, వాటిలో 116 నుంచి పోలీసులకు ప్రతికూలమైన మాటలు తీసేశారని బయటపెట్టింది. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ ఆ మరణాలను చట్టవిరుద్ధమైన హత్యలుగా తేల్చి, అభిమానుల తప్పు లేదని చెప్పింది. పోలీసుల కాగితం తప్పుగా ఉంది, జనం చెప్పింది ఒప్పుగా ఉంది. మౌఖిక చరిత్రను చిన్నచూపు చూసేవారు ఈ ఒక్క ఉదాహరణను జాగ్రత్తగా చదవాలి.

టేలర్ తుది నివేదిక 1990 జనవరిలో వచ్చింది. పెద్ద మైదానాలన్నిటిలో కుర్చీలే ఉండాలన్నది దాని ఫలితం. ప్రాణాలు కాపాడిన నిర్ణయమది. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలై, టీవీ డబ్బు వరదలా వచ్చి, టిక్కెట్ల ధరలు పెరిగాక పాత రోజుల మీద బెంగ కొత్త పని చేయడం మొదలుపెట్టింది. 2016 ఫిబ్రవరి 6న సండర్‌లాండ్‌తో ఆట 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. కొత్త స్టాండులో అత్యంత ఖరీదైన టిక్కెట్టు 77 పౌండ్లకు చేరబోతుండటమే కారణం. కొద్ది రోజుల్లో యాజమాన్యం వెనక్కి తగ్గింది. చిల్లరతో గేటు దాటిన తండ్రుల, తాతల కథలు ఇంటింటా లేకపోతే 77 పౌండ్లు అన్యాయమని అంత మందికి ఒకేసారి తోచేది కాదు. గతాన్ని తలచుకోవడం మనిషిని వెనక్కే లాగుతుందనే అభిప్రాయం ఇక్కడ నిలవదు. 2022 జులై నుంచి భద్రమైన కడ్డీల ఏర్పాటుతో, లైసెన్సు పొందిన చోట్ల మళ్లీ నిలబడి చూడటానికి ఇంగ్లండ్, వేల్స్‌లలో పై రెండు శ్రేణుల క్లబ్బులకు అనుమతి వచ్చింది.

తెలుగు నేలకూ ఇలాంటి జ్ఞాపకాల నిధి ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. ఆ జట్టు ఆటలను బాల్యంలో చూసినవారు ఇప్పుడు ఎనభై దాటారు. ఎక్కడ నిలబడేవారు, ఎంత ఇచ్చి లోపలికి వెళ్లేవారు, పక్కన ఎవరుండేవారు అన్న ప్రశ్నలతో హైదరాబాద్, సికింద్రాబాద్ ఇళ్లలోని ఆ పెద్దల దగ్గరికి మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖల విద్యార్థులు ఈ ఏడాదే వెళ్లాలి.