వదులు తీగెల నాదం

బ్లాక్ సబ్బాత్ అనే రాక్ బృందం పేరు మీ ఇంటి కుర్రకారుకు తెలిసే ఉంటుంది. దాని గిటారు వాద్యకారుడు టోనీ అయోమీ 1948లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. 17వ ఏట, రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే రోజున, యంత్రం ఆయన కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెంపేసింది. ఆయనది ఎడమచేతి వాటం. తీగెలు నొక్కేది ఆ కుడిచేతితోనే! మేనేజరు జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించారు. 1928లో చెయ్యి కాలాక రెండు వేళ్ళతో స్వరాలు పలికించిన విద్వాంసుడాయన. దాంతో అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకుని, పైన తోలు అతికించారు. బిగువు తీగె నొక్కితే నొప్పి. వీణ నేర్చినవారికి ఆ కోత తెలుసు. అందుకే సన్నని తీగెలు వేశారు, తరువాత శ్రుతి బాగా దించారు. 1970లో తొలి ఆల్బమ్ వచ్చింది. హెవీ మెటల్ అనే ఆ బరువైన నాదంలో వదులు తీగెల పాలు చాలా ఉంది. 2025 జూలై 5న ఆ బృందం చివరి కచేరీ బర్మింగ్‌హామ్‌లోనే జరిగింది.