పెన్సిల్ ఎవరి చేతిలో ఉంది?

ఆఫీసులో పనిచేసే ఎవరికైనా ఈ బొమ్మ పరిచయమే. వరసగా డబ్బాలు, వాటి మధ్య బాణాలు, అక్కడక్కడా ఒక డైమండు, దాన్నుంచి ‘అవును’, ‘కాదు’ అని చీలిపోయే రెండు దారులు. దీన్ని ప్రాసెస్ మ్యాప్ అంటాం. పదేళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కాబట్టి వైట్‌బోర్డుల మీద ఇలాంటివి లెక్కలేనన్ని చూశాను. ఇవి కంప్యూటర్లతో పాటే పుట్టాయని మావాళ్ళు చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ బొమ్మ కంప్యూటర్ కన్నా పెద్దది. వందేళ్ళు దాటిన దీని చరిత్ర చదువుతుంటే నాకు అడుగడుగునా ఒకటే ప్రశ్న ఎదురైంది: పని చేసేది ఒకరైతే, ఆ పని బొమ్మ గీసేది ఎవరు?

ఈ కథ తాపీ పని దగ్గర మొదలవుతుంది. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే కుర్రాడు 1885లో, పదిహేడేళ్ళ వయసులో, కాలేజీకి వెళ్ళకుండా ఇటుకలు పేర్చడం నేర్చుకోడానికి చేరాడు. నేర్పే మేస్త్రీలు తలా ఒక రకంగా చేస్తున్నారు. అంతేకాదు, ఒకే మేస్త్రీ తొందరలో ఒక రకంగా, తీరిగ్గా ఉన్నప్పుడు ఇంకో రకంగా, శిష్యుడికి చూపించేటప్పుడు మూడో రకంగా చేస్తున్నాడు. ప్రతి ఇటుకకీ మనిషి కింద దాకా వంగి లేవాల్సి వస్తోందని గమనించి, గిల్‌బ్రెత్ తర్వాతి రోజుల్లో ఇటుకలు చేతికి అందే ఎత్తులో ఉండేలా పరంజా తయారు చేశాడు. ఒక ఇటుకకి 18 కదలికలు పట్టే చోట ఐదు సరిపోయాయి. గంటకి 120 ఇటుకలు పేర్చే మనిషి 350 పేర్చగలిగాడని ఫ్రెడరిక్ టేలర్ 1911లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు.

టేలర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. పనిని ముక్కలు చేసి, స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిచే పద్ధతికి పెద్దదిక్కు ఆయన. అదే 1911లో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోత పనివాళ్ళు, ‘మా పనిని గడియారం పెట్టి కొలవద్దు’ అని పని మానేసి బయటకి వచ్చేశారు. గొడవ కాంగ్రెస్ దాకా వెళ్ళింది. చివరికి ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో స్టాప్‌వాచ్ వాడకుండా 1915లో నిధుల బిల్లులోనే షరతు పెట్టారు. పనిని పరిశీలించడం అంటే కార్మికుడికి అనుమానం ఎందుకో అర్థం కావాలంటే ఈ సమ్మె గుర్తుండాలి.

గిల్‌బ్రెత్ దారి కొంచెం వేరు. ఆయన భార్య లిలియన్ మనస్తత్వ శాస్త్రం చదువుకున్న మనిషి. పని గురించి ఆలోచించేటప్పుడు అలసట గురించి, విసుగు గురించి కూడా ఆలోచించాలన్నది ఆమె పట్టుదల. 1914లో ఆమె రాసిన మేనేజ్‌మెంట్ పుస్తకం మీద రచయిత పేరు ‘ఎల్.ఎం. గిల్‌బ్రెత్’ అని మాత్రమే ఉంటుంది, ఆడమనిషి రాసిందని తెలియకుండా. 1921 డిసెంబరులో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు భార్యాభర్తలిద్దరి పేరుతో ‘ప్రాసెస్ చార్ట్స్’ అనే పత్రం వచ్చింది. మనం ఈరోజు గీసే బొమ్మలకి అదే ముత్తాత. ఏదైనా మార్చే ముందు పని మొత్తాన్ని, మొదటి నుంచి చివరి దాకా, ఒక్క కాగితం మీద చూడండి అన్నది దాని సారం. ఒక మూల చేసిన చిన్న మార్పు ఇంకో మూల కొంప ముంచొచ్చు కాబట్టి.

అయితే వాళ్ళ దగ్గర కూడా బొమ్మ గీసేది నిపుణుడే. అన్ని పనులకీ ‘ఒకే ఒక్క ఉత్తమ పద్ధతి’ ఉంటుందని, దాన్ని తెలిసినవాడు కనిపెట్టి చెప్పాలని ఫ్రాంక్ నమ్మకం. 1924లో ఆయన గుండెపోటుతో చనిపోయాడు. యూరప్‌లో సభలకి వెళ్ళాల్సిన రోజులవి. పదకొండు మంది పిల్లలున్న లిలియన్ ఆయన బదులు తనే ఓడెక్కి వెళ్ళి ప్రసంగాలు చేసి వచ్చింది. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్ళు బతికింది, పనిచేసింది.

పెన్సిల్ చేతులు మారింది 1930ల్లో. అలన్ మోగెన్‌సన్ అనే ఇంజనీరు, నిపుణుడు వచ్చి పని మార్చి వెళ్ళిపోయాక జనం మళ్ళీ పాత పద్ధతికే పోతున్నారని గమనించాడు. ఇందులో వాళ్ళ మొండితనం కన్నా, ఆ మార్పు వాళ్ళది కాకపోవడమే అసలు కారణం అనుకున్నాడు. ఒక పని గురించి ఆ పని రోజూ చేసేవాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, కాబట్టి చార్టు గీయడం అతనికే నేర్పుదాం అన్నాడు. 1937 నుంచి లేక్ ప్లాసిడ్‌లో దీనికోసమే శిక్షణ తరగతులు పెట్టాడు. లిలియన్ కూడా అక్కడ పాఠాలు చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం ఇదే తరహా పాఠాన్ని లక్షల మంది సూపర్‌వైజర్లకి నేర్పింది: పనిని వివరంగా రాయి, ప్రతి వివరాన్నీ ‘ఇది ఎందుకు?’ అని అడుగు, పక్కవాళ్ళతో కలిసి కొత్త పద్ధతి ఆలోచించు. యుద్ధం అయ్యాక ఆ పాఠం జపాన్ చేరింది. టొయోటా అందిపుచ్చుకున్న వాటిలో అదొకటి.

1947లో రెండు సంగతులు జరిగాయి. ఇంజనీర్ల సంఘం ఈ చార్టులకి ఐదు గుర్తులు ఖాయం చేసింది: పనికి సున్నా, రవాణాకి బాణం, తనిఖీకి చతురస్రం, నిల్వకి త్రిభుజం, ఆలస్యానికి ఇంగ్లీషు ‘డి’ అక్షరం. అదే ఏడాది వాన్ న్యూమన్, గోల్డ్‌స్టైన్ కంప్యూటర్ ప్రోగ్రాముల కోసం ఫ్లో డయాగ్రాములు వివరించారు. కానీ ఒక తేడా ఉంది. బొమ్మ ప్రకారం పనిచేసేది యంత్రమైతే అది ఎదురు చెప్పదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఆ అలవాటు బలంగా ఉందని, మనుషుల పని గీసేటప్పుడు కూడా అదే మనసుతో గీస్తామని నాకు అనిపిస్తుంది.

ఈ ధోరణి 1990లో పతాక స్థాయికి వెళ్ళింది. మైకేల్ హామర్ ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’లో రీఇంజనీరింగ్ గురించి రాశాడు. ఫోర్డ్ కంపెనీలో సరఫరాదారులకి బిల్లులు చెల్లించే విభాగంలో 500 మందికి పైగా ఉంటే, మజ్దాలో ఐదుగురే ఉన్నారు. ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు, ఈ మూడూ సరిపోలనప్పుడు ఎందుకు సరిపోలలేదో వెతకడంలోనే ఫోర్డ్ గుమాస్తాల కాలం గడిచిపోయేది. అసలు బిల్లునే తీసేసి, సరుకు వచ్చిందని కంప్యూటర్ ఖాయం చేయగానే డబ్బు చెల్లించేలా మార్చారు. మ్యాప్‌గా చూస్తే అద్భుతమే. కానీ ఆ ఉదాహరణ చూసి చాలా కంపెనీలు నేర్చుకున్నది మనుషుల్ని తీసేయడం. ఇంజనీరు బుద్ధితో ఆలోచించి మనుషుల సంగతి తగినంత పట్టించుకోలేదని హామరే తర్వాత ఒప్పుకున్నాడు.

మన దగ్గర 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్ని కంప్యూటరీకరించిన ‘కార్డ్’ ప్రాజెక్టు చూడండి. రోజులు పట్టే ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది. అది చిన్న మేలు కాదు. కానీ ఆఫీసు బయట దస్తావేజులు రాసేవాళ్ళు అలాగే ఉన్నారు. ప్రభుత్వం మ్యాప్ కౌంటర్ దగ్గర మొదలవుతుంది. స్థలం కొన్నవాడి మ్యాప్ మాత్రం రోడ్డు అవతల, ఆ రాసేవాళ్ళ బల్ల దగ్గరే మొదలవుతుంది.

నేను గతంలో పనిచేసిన ఒక కంపెనీలో కొత్త వెర్షన్ విడుదల ప్రక్రియని మేనేజర్లు ఆరు డబ్బాల్లో గీశారు. చక్కగా ఉంది. తర్వాత టెస్టింగ్‌లో ఉన్న ఒకావిడ, అడిగితే, అదే పనిని పందొమ్మిది డబ్బాల్లో గీసింది. అందులో నాలుగు డబ్బాలు, అనుమతి ఇవ్వాల్సిన మనిషి మెయిల్ చూడడని ఆవిడ రాత్రి చేసే ఫోన్లు. ఆరు డబ్బాల బొమ్మలో ఆ ఫోన్లు లేవు కాబట్టి ఆవిడ ఆలస్యమే అందరికీ కనపడేది, ఆవిడ శ్రమ కనపడేది కాదు. రెండో బొమ్మ చూశాక అనుమతి ఇచ్చే పని ఇంకొకరికి అప్పగించారు. ఫోన్లు ఆగిపోయాయి.

అందుకే ఈసారి మీ ఆఫీసులో ఎవరైనా బోర్డు మీద డబ్బాలు గీస్తుంటే, డబ్బాలు సరిగ్గా ఉన్నాయా అని అడిగే ముందు, ఆ డబ్బాల్లో పనిచేసేవాళ్ళు గదిలో ఉన్నారా అని అడగండి. లేకపోతే పిలిపించి, మార్కర్ వాళ్ళ చేతికివ్వండి. ఆ మ్యాప్ తర్వాత దేనికి వాడతారో కూడా అప్పుడే చెప్పండి. ఈ బొమ్మ తమ ఉద్యోగం తీసేయడానికే అని తెలిసినవాళ్ళు నిజం గీయరు. గీయాలని ఆశించడం కూడా న్యాయం కాదు.