రాణెమ్మ సముద్రం ఇల్లు

చలిమంటకు ఇంకొంచెం దగ్గరికి జరగండి పిల్లలూ. ఈ రెండు రూపాయి బిళ్ళలు పట్టుకొని చూడండి. మా జేజి రూపాయల దండలోవి ఇవి. ఒకదాని మీద విక్టోరియా క్వీన్ అని ఉంటుంది, ఇంకోదాని మీద విక్టోరియా ఎంప్రెస్ అని. 1877లో ముద్ర మారింది. మన సీమను ధాత కరువు పట్టుకున్న కాలం గూడా అదే. క్వీన్ బిళ్ళ కరువు దాటుకొని వచ్చింది. దాంతోపాటు ఉన్న బిళ్ళలన్నీ ఒక్కొక్కటే ఊడి జొన్నలకు పోయినాయంట. ఎంప్రెస్ బిళ్ళ తర్వాతెప్పుడో, జేజి పెండ్లినాటికి చేరింది.

ఈ బిళ్ళ మీది రాణెమ్మ ఎండాకాలం గడిపిన ఇంటికి నేను పోయొచ్చినా. మీ చిన్నాయన ఇంగ్లండులో ఉన్నప్పుడు తీసకపోయినాడు. సౌతాంప్టన్ రేవులో పెద్ద పడవ ఎక్కాల. మనుషులే కాదు, కార్లు గూడా దాని కడుపులోకే ఎక్కుతాయి. గంటసేపటికి ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో దించుతుంది. ఆడ ఈస్ట్ కౌస్ అనే ఊరు దాటితే ఆస్‌బోర్న్ బంగళా.

పేరుకు రాజభవనమే, కట్టుకునింది మాత్రం సొంత ఇల్లు మాదిరి. 1845లో విక్టోరియా, ఆమె మొగుడు ఆల్బర్ట్ ఆ ఎస్టేటు కొన్నారు. ఆడి సముద్రం చూస్తే ఆల్బర్ట్‌కు ఇటలీలోని నేపుల్స్ గుర్తొచ్చేదంట. అందుకని ఇటలీ పద్ధతిలో రెండు బురుజులు పెట్టి, థామస్ క్యూబిట్ అనే పెద్ద మేస్త్రీతో కలిసి తనే నమూనా గీసుకున్నాడు. 1851కంతా పని అయిపోయింది. మన కాటన్ దొర ధవళేశ్వరంలో గోదావరికి అడ్డం రాళ్ళు పేర్పిస్తా ఉండింది ఇంచుమించు ఆ ఏండ్లలోనే, 1847 నుంచి 1852 దాకా.

ఆ ఇంట్లో నాకు బాగా నచ్చింది పిల్లల చోటు. తొమ్మిదిమంది బిడ్డలు వాళ్ళకు. తోటలో కొంచెం దూరంగా స్విస్ కాటేజ్ అని ఒక చెక్క ఇల్లు కట్టించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క మడి ఇచ్చినారు. వాళ్ళకు సరిపోయే చిన్న పారలు, చిన్న తోపుడు బండ్లు. ఎవరి బండి మీద వాళ్ళ పేరు అక్షరాలు. ఆ బండ్లు ఇప్పటికీ ఉండాయి, నేను చూసినా. బిడ్డలు పండించిన కూరగాయలను నాయనే అంగడి ధరకు కొనేవాడు. ఆడబిడ్డలు ఆ కాటేజ్ వంటింట్లో రొట్టెలు, కేకులు చేయను నేర్చుకున్నారు. రాజు బిడ్డలని కూర్చోబెట్టి మేపలేదు ఆయప్ప. ఆ ఒక్క సంగతికే ఆయన మీద నాకు గౌరవం పుట్టింది.

కింద సముద్రం ఒడ్డున ఇంకొక వింత. చక్రాల మీద చెక్కగది. రాణి అందులో బట్టలు మార్చుకుంటే గదిని గదిగానే నీళ్ళలోకి దింపేవాళ్ళు, ఎవరి కంటా పడకుండా. ఆమె మొదటిసారి సముద్రస్నానం చేసింది 1847లో.

ఆల్బర్ట్ 1861లో, 42 ఏండ్లకే పోయినాడు. రాణెమ్మ ఇంక బతికిన దాదాపు నలభై ఏండ్లూ నల్లబట్టలే కట్టింది. ఆయన గది ఎట్లుండేదో అట్లనే ఉంచింది. మనింటి ఆడోళ్ళ దుఃఖం చూసినోణ్ణి కాబట్టి ఆ గది దగ్గర నాకు మనసు కరిగింది. కరగలేదంటే అబద్ధం.

అయితే ఆ ఇంట్లో మనవాళ్ళ గది ఒకటుంది. దర్బార్ రూమ్. 1890, 91 ప్రాంతంలో కట్టినారు. లాహోరు మేయో కళాశాలలో చదివి, ఆడనే పంతులైన భాయ్ రామ్‌సింగ్ దానికి నమూనాలు చెక్కినాడు. ఆ కళాశాల పెద్ద లాక్‌వుడ్ కిప్లింగ్ ఆయన్ను పంపించినాడు. గోడలు, కప్పు అంతా తెల్లగా, లతలు, పూలు. నెగడు గూడు పైన పురి విప్పిన నెమలి. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టినా కండ్లు దించబుద్ధి కాదు. ఆ పనితనం ముందు నేను చేతులు జోడించినా, పక్కనోళ్ళు చూస్తాండారని గూడా అనుకోలేదు.

ఆ గది బయట నడవాలో మన దేశపు మొహాలు. రుడాల్ఫ్ స్వొబోడా అనే ఆస్ట్రియా చిత్రకారుడు గీసినవి చానా ఉండాయి. 1886లో రాణెమ్మ ఆయన్ను బొమ్మలు గీయను ఇండియాకు గూడా పంపించింది. రాజుల బొమ్మలూ ఉండాయిగానీ, నన్ను నిలబెట్టేసింది కుమ్మరి బక్షీరామ్. ఆగ్రావాడు, నూరేండ్లు దాటినాయని చెప్పుకున్న ముసలాయన. తెల్ల గడ్డం, లోతైన కండ్లు. ఆగ్రా నుంచే 1887లో అబ్దుల్ కరీం అనే పిల్లోడు నౌకరుగా వచ్చి, రాణికి హిందుస్తానీ నేర్పే మున్షీ అయినాడు. ఆ వయసులో ఆమె కొత్త లిపి దిద్దుకుంటా కూర్చునింది. ఆమె పోయినాక కొడుకు ఎడ్వర్డ్, కరీం దగ్గరున్న ఉత్తరాలన్నీ కాల్పించినాడు.

ఇంతగా మనల్ని గోడలకు తగిలించుకున్న మనిషి మన దేశంలో ఒక్కసారి గూడా కాలు పెట్టలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ పెద్ద దర్బారు చేసి ఆమెను చక్రవర్తినిగా చాటించినాడు. అప్పుడు కర్నూలు, బళ్ళారి, కడప ఎండిపోయి ఉండాయి. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ దొర దక్షిణాదికొచ్చి కరువు పనుల కూలి తగ్గించినాడు. పొద్దంతా రాళ్ళు కొట్టిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అరకిలో గూడా రాదు నాయనా. మనిషి దానితో బతకలేడని మద్రాసులో కార్నిష్ అనే డాక్టరు గట్టిగా వాదించినాడు. ఆయన తెల్లవాడే. లండన్ జనం చందాలేసి డబ్బు పంపినారు, అదీ చెప్పాల. అయినా ఆ కరువులో దక్షిణాదిన, పడమటి దిక్కున పోయిన ప్రాణాలు యాభై లక్షలకు పైమాటే. మన కర్నూలు జిల్లాలో 1871 లెక్కకూ 1881 లెక్కకూ మధ్య దాదాపు నలుగురిలో ఒకరు లేకుండా పోయినారు. ఆ కరువు కాలంలోనే, 1878 జనవరిలో, గ్రాహం బెల్ ఆస్‌బోర్న్‌కే వచ్చి రాణెమ్మకు టెలిఫోన్ వినిపించినాడు. దూరం మాట అంత దగ్గరికొచ్చిన ఇంట్లోకి మన ఊరి ఏడుపు మాత్రం చేరలేదు.

దర్బార్ రూములో 1887, 1897 జూబిలీలకు మన దేశం నుంచి పోయిన కానుకలు పెట్టినారు. వెండి పేటికలు, దంతం పని. ఎంత చూసినా కరువు గురించి నా కంటికి ఒక్క ముక్క కనపడలేదు. నాకు కోపం రాలేదు, దిగులు పుట్టింది. రామ్‌సింగ్ నెమలిని చూసి మెచ్చుకునే ప్రతి మనిషికీ, కరువులో దండ బిళ్ళలు ఊడదీసి జొన్నలు కొన్న మా జేజి వాళ్ళమ్మ గూడా తెలియాల కదా!

1901 జనవరి 22న రాణెమ్మ ఆ ఇంట్లోనే కన్ను మూసింది. ఎడ్వర్డ్ రాజు దాన్ని దేశానికి ఇచ్చేసినాడు. కొన్నేండ్లు నేవీ పిల్లలకు బడి, దాంతోపాటు ఆఫీసర్లు జబ్బు నుంచి కోలుకునే ఇల్లు. రాణి సొంత గదులకు తాళాలు పడి ఉంటే, 1954లో ఎలిజబెత్ రాణి అందరికీ తెరిపించింది.

ఏమ్మా, నువ్వు వచ్చే ఏడు చదువుకోను ఆ దేశమే పోతాండావు కదా. సౌతాంప్టన్‌లో పడవ ఎక్కు. మిగతా గదులు తొందరగా చూసినా పర్వాలేదు, ఆ నడవాలో మాత్రం నిదానంగా నిలబడు. ఒక్కొక్క బొమ్మ కింద పేరు, ఊరు రాసి ఉంటే కాగితం మీద ఎక్కించుకో. మన తెలుగు దిక్కువాళ్ళు ఒక్కరైనా ఉండారేమో వెతుకు. పోయి వచ్చేటప్పుడు ఆ కాగితం నాకు తెచ్చియ్యి.