పనిముట్టు, మాట, మనిషి: బోనకల్ నేపథ్యంలో సాంకేతిక–సామాజిక పరిశోధన

సాంకేతిక పరిజ్ఞానాన్ని మానవ, సామాజిక దృక్పథాలతో జోడించే డాక్టరేట్ పరిశోధనను నేడు కొత్త ధోరణిగా పరిగణిస్తున్నారు. తెలుగు నేలపై దీనికి ఆరు దశాబ్దాలకు మించిన పూర్వరంగం ఉంది. దానిని ఖమ్మం జిల్లా బోనకల్ నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి 1957లో డాక్టరేట్ పొందిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటాన్ని 1962లో వెలువరించింది. అది వ్యవసాయ పదకోశం. చేనేత పదకోశం 1971లో వచ్చింది. పనిముట్ల పేర్లను, వాటి భాగాల పేర్లను గ్రంథాల నుంచి గాక వృత్తిదారుల నోటి నుంచి సేకరించడం, ఏ మాట ఏ ప్రాంతానిదో నమోదు చేయడం ఈ కృషి ప్రత్యేకత. తెలుగును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలుగా గుర్తించడానికి ఈ సామగ్రి ఆధారమైంది. పనిముట్టు, భాష, సమాజం ఇక్కడ ఒకే అధ్యయనంలో కలిశాయి.

ఈ సేకరణ జరిగిన కాలం గమనార్హం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు విడుదలైంది. ఎడమ కాలువ వ్యవస్థలోని బోనకల్ బ్రాంచి కాలువ ఈ ప్రాంతపు సేద్యానికి ఆధారమైంది. కాలువ నీరు, విద్యుత్ మోటారు చేరిన చోట మోట మూలపడుతుంది. రాయలసీమలో కపిల అని పిలిచే ఆ సాధనంతో పాటు తొండం, మోకు, గిలక వంటి మాటల వాడుక కూడా సన్నగిల్లుతుంది. అంటే సాగర్ నీరు రాకముందే వ్యవసాయ పదకోశం అచ్చయింది. కాలయాపన జరిగి ఉంటే ఎన్నో మాటలు చెప్పేవారే మిగిలేవారు కారు.

భద్రాచలం వైపు అడవిలో పరిస్థితి వేరు. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసిన ఆ డివిజన్ కోయలకు, కొండరెడ్లకు ఆవాసం. కొండరెడ్ల పోడు సేద్యాన్ని ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945 నాటి గ్రంథంలో వివరించాడు. నాగలిని కేంద్రంగా చేసుకున్న ప్రశ్నలతో పోడు పరిజ్ఞానాన్ని పూర్తిగా రాబట్టలేం. ప్రశ్నావళిని తయారు చేసేవారి దృష్టిలో లేని జీవనం దత్తాంశంలోనూ ఉండదు.

హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత ప్రధాన పరిశోధనా రంగాలలో ఒకటి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాల కేంద్రం ఉంది. నేటి పరిశోధకుడికి కంప్యూటర్ అందుబాటులో ఉంది. అయితే పత్రికల భాషతోనే శిక్షణ పొందిన యంత్రానికి బోనకల్ మిర్చి రైతు మాట గాని, కోయ స్త్రీ మాట గాని అర్థం కావాలని ఆశించలేం. ఆ యంత్రం ద్వారానే ప్రభుత్వ సేవలు, పంట సలహాలు అందే రోజున ఈ లోపం భాషకు సంబంధించినదిగా మాత్రమే మిగలదు, హక్కుకు సంబంధించినది అవుతుంది.

కనుక ఇటువంటి డాక్టరేట్ పరిశోధనలో క్షేత్రపర్యటన అనుబంధంగా గాక పునాదిగా ఉండాలి. మాట ఇచ్చిన సమాజానికి ఫలితం తిరిగి చేరిందా అన్నది సిద్ధాంత వ్యాస మూల్యాంకనంలో ఒక ప్రమాణం కావాలి.